పదకొండో గ్రీన్ మీద పందులు పడిన కేసు

సెప్టెంబర్ ఆఖరి వారం. తెల్లవారి అయిదున్నరకి ఫోన్. "సార్, రాత్రి పందులు పడ్డాయి. పదకొండో గ్రీన్ లేచిపోయింది. ఇవాళ శనివారం, మెంబర్లు ఏడింటికే దిగుతారు." అవతల ఒక గోల్ఫ్ కోర్స్ సూపరింటెండెంట్. మామూలుగా నెమ్మదస్తుడు, ఆ రోజు మాట తడబడుతోంది. వెనకే వాట్సాప్‌లో ఆరు ఫోటోలు. క్యారమ్ బోర్డులా ఉండాల్సిన గ్రీన్ గొర్రు తోలిన చేనులా ఉంది.

మూడే మాటలు చెప్పాను. లేచిన గడ్డి పెళ్లల్ని పారేయొద్దు, తడి గోనెసంచులు కప్పి నీడన పెట్టండి. రోలర్ తిప్పొద్దు. నేను వచ్చేదాకా గుంటలు పూడ్చొద్దు. మూడోది ఆయనకి నచ్చలేదు, మెంబర్లు చూస్తారని భయం. సరే, ఆ హోల్‌కి ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారి) చివర టెంపరరీ గ్రీన్ ఒకటి కోసి జెండా అక్కడికి మార్చమన్నాను.

గోల్ఫ్ కోర్సులకీ క్రికెట్ గ్రౌండ్లకీ గడ్డి సంగతి చూసిపెట్టడం నా పని. ఏజీ బీఎస్సీ చదివి గరికకి ఎరువులేస్తున్నాడని మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో గరిక తవ్వలేక చచ్చే మనుషులు వాళ్లు, నవ్వడంలో న్యాయం ఉంది.

కోర్సు పేరు రాయను. హైదరాబాద్ నుంచి పడమరగా గంటన్నర ప్రయాణం, ఎర్రనేల, అక్కడక్కడ మొరం తేలిన గుట్టలు. ఒకవైపంతా రిజర్వ్ ఫారెస్ట్: టేకు, మోదుగ, తునికి, కింద సీతాఫలం పొదలు. మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లలో సగం మంది ఆ అడవిని చూసే తీసుకున్నారు. బ్రోచర్ అట్ట మీద నెమలి బొమ్మ ఉంటుంది. నెమళ్లు తిరిగే చోట పందులూ తిరుగుతాయి, వాటి బొమ్మ వేయరు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జెండా పాతి ఉండే నున్నటి చోటు గ్రీన్. అక్కడ గడ్డిని మూడు, మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తున రోజూ కోస్తారు. కింద మామూలు మట్టి ఉండదు. 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కింద చిల్లుల పైపులు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించి, తర్వాత సవరిస్తూ వచ్చిన పద్ధతి ఇది. పైన గడ్డి టిఫ్‌డ్వార్ఫ్, జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన హైబ్రిడ్. దాని తల్లిదండ్రుల్లో ఒకటి ఆఫ్రికా జాతి, రెండోది మనం వినాయకుడికి పెట్టే గరికే.

పదకొండోది పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. టీ నుంచి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి చూస్తే ముందు చిన్న చెరువు, అవతల గట్టు మీద గ్రీన్. తూర్పునా దక్షిణానా ఏడు పెద్ద వేపచెట్లు. వాటి వెనక ముప్పై అడుగుల్లో ఫారెస్ట్ కంచె. చెట్ల కింద ఏడాది కిందటే టీ తాగడానికి షెల్టర్ కట్టి, సాయంత్రం పార్టీలకని నాలుగు ఫ్లడ్‌లైట్లు పెట్టారు. ఈ లైట్ల సంగతి గుర్తుంచుకోండి.

ఆగస్టులో నేను చేసిన తప్పు

పందులు పడ్డాక పిలిచిన కేసు కాదిది. ఆగస్టు మొదటి వారంలోనే ఒకసారి వెళ్లాను. గ్రీన్‌కి తూర్పు అంచున, వేపచెట్ల వైపు, గడ్డి పలచబడుతోందని పిలిచారు. దుప్పటంత మేర వాడిన రంగు. నీళ్లు పెడితే సాయంత్రానికి తేరుకుని, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ వాడిపోతోంది.

చెట్టు పక్కన గరిక పలచబడితే ఈ వృత్తిలో ఎవరి నోటికైనా ముందు వచ్చే మాట నీడ. ఈ గడ్డికి రోజుకి ఎనిమిది గంటల ఎండ ఉండాలి. నేను ఫోన్‌లో సూర్యుడి దారి చూపే యాప్ తీసి, లెక్కలు కట్టి, నాలుగు పేజీల రిపోర్ట్ ఇచ్చాను. డిసెంబర్ చివర మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి మించి రాడు, 12 మీటర్ల చెట్టు నీడ పది మీటర్ల పైన పడుతుంది. పొద్దున తొమ్మిదికైతే ఇరవై మీటర్లు దాటుతుంది. కాబట్టి దక్షిణం, తూర్పు కొమ్మలు తేలిక చేయండి, చెట్లు మాత్రం కొట్టొద్దు, 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి లేకుండా ముట్టుకోవద్దు అని రాశాను.

లెక్కలో తప్పు లేదు. కానీ నేను వెళ్లింది ఆగస్టు మొదటి వారంలో. హైదరాబాద్‌లో ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా పాతిన కర్రకి నీడే పడదు. అలాంటి వారంలో నిలబడి, డిసెంబర్ నీడతో ఆగస్టు రోగానికి కారణం చెప్పాను. పైగా నీడ వల్ల పలచబడే గడ్డి మధ్యాహ్నం వాడదు. సన్నగా సాగుతుంది, నాచు పడుతుంది. నీళ్లున్నా వాడిందంటే నీళ్లు తాగే వేరు లేదని అర్థం. చాకు జేబులోనే ఉంది. ఒక్క చోట కోసి చూడలేదు. గ్రీన్ బాగానే ఆడుతోంది, ఎందుకు గాయం చేయడం అనుకున్నాను.

పెళ్ల తిరగేస్తే

శనివారం నేను వెళ్లేసరికి తొమ్మిది కావస్తోంది. గోనెసంచి తీసి ఒక పెళ్ల చేతిలోకి తీసుకున్నాను. నోట్‌బుక్ అంత సైజు, రెండు వేళ్ల మందం. తిరగేశాను. అడుగున వేరు లేదు. ఆరోగ్యంగా ఉన్న గరిక పెళ్లయితే నాలుగైదు అంగుళాల తెల్లటి వేర్లు ఇసుకని పట్టుకుని వేలాడాలి. ఇది కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది, గుమ్మం ముందు పట్టాలా. పంది ముట్టెతో లేపుతుందే గానీ గరిక వేరు అంత శుభ్రంగా కొరుక్కుని తినదు. పందులు ముట్టుకోని చోటికి వెళ్లి, అంచు పట్టుకుని లాగాను. తివాచీలా చుట్టుకుంటూ లేచి వచ్చింది.

గ్రీన్ల మీద కలుపు ఏరే పెద్దావిడ ఒకామె పక్కనే ఉంది. ఖుర్పీతో ఇసుక కెలికి, తెల్లటి పురుగొకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. పసుప్పచ్చ తల, ఆరు కాళ్లు, చుట్టుకుని సున్నాలా పడుంది.

"వేరుపురుగు సారూ. మా చెర్కు తోటల గిట్లనే జేసింది."

"ఎప్పటినుంచి ఉందమ్మా?"

ఆమె కొంగు కింద నుంచి ప్లాస్టిక్ డబ్బా తీసి మూత విప్పింది. అడుగున ఇరవై దాకా ఉన్నాయి, కదులుతున్నాయి. "నెల సంది కోళ్లకు గివ్వే ఏస్తున్న. మంచిగ తింటున్నయి." సూపరింటెండెంట్ నా వంక చూశాడు. నేను డబ్బా వంక చూశాను.

నాలుగు చోట్ల ఒక్కో చదరపు అడుగు మూడు వైపులా కోసి, పుస్తకం అట్టలా తెరిచి లెక్కపెట్టాం. తూర్పు అంచున 14, 11. దక్షిణాన 6. జెండా దగ్గర, అంటే నడి గ్రీన్‌లో, ఒక్కటీ లేదు. చదరపు అడుగుకి అయిదారు దాటితే గరిక తట్టుకోలేదని మా లెక్క. పంది రావడానికి అన్ని కూడా అక్కర్లేదు, వాసన పట్టే ముక్కు దానిది.

ఇక్కడ ఇంకో తిరకాసు వచ్చింది. "ఇవే పురుగులు మన కంపోస్ట్ గుంటలో కూడా ఉన్నాయి సార్, ఎరువుతోనే వచ్చి ఉంటాయి" అన్నాడు సూపరింటెండెంట్. గుంటలోవి నాలుగు తెప్పించి, షెల్టర్ టైల్స్ మీద రెండు రకాలనీ పక్కపక్కన వదిలాం. గుంటలో పురుగు వెల్లకిలా తిరిగి, వీపు మీద పాకుతూ సూటిగా గోడవైపు పోయింది. గ్రీన్‌లో పురుగు పక్కకి ఒరిగి, చుట్టుకుని, కాళ్లాడిస్తూ అక్కడే ఉండిపోయింది. వీపు మీద పాకేవి కుళ్లిన పెంట తినే రకం, పచ్చి వేరు జోలికి పెద్దగా పోవు. లెన్స్ పెట్టి తోక దగ్గర వెంట్రుకల వరుస కూడా చూశాను, వేరుపురుగుల కుటుంబమే. కచ్చితంగా ఏ జాతో తేల్చడానికి పెంకు పురుగు కావాలి, సెప్టెంబర్‌లో అది దొరకదు. ఎరువు మీద నేరం మాత్రం కొట్టేశాం.

ఈ గ్రీనే ఎందుకు

పద్దెనిమిది గ్రీన్లలో పదకొండోదే ఎందుకు దెబ్బతింది? వేరుశనగ రైతుకి తెలిసిన కథే ఇది, గోల్ఫ్ కోర్సులోకి వచ్చింది అంతే.

వేరుపురుగు తల్లి పెంకు పురుగు చలికాలం, ఎండాకాలం నేలలో దాక్కుని, రోహిణి, మృగశిర కార్తెల్లో మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం పైకి వస్తుంది. పొద్దు గుంకాక లేచి దగ్గర్లోని చెట్టు ఎక్కి ఆకు తింటుంది, జత కడుతుంది, తెల్లారేలోపు మళ్లీ నేలలోకి దిగి గుడ్లు పెడుతుంది. దానికి ఇష్టమైన చెట్లలో వేప ముందు వరసలో ఉంటుంది. రేగు, మునగ, తుమ్మ తర్వాత. ఏడు వేపచెట్లు గ్రీన్‌కి ఆనుకునే ఉన్నాయి. ఆ పైన ఫ్లడ్‌లైట్లు. వేరుపురుగుల్లో అన్ని రకాలూ దీపానికి రావు గానీ వచ్చేవి దండిగా వస్తాయి. మొదటి వాన పడ్డ వారంలో షెల్టర్‌లో రెండు పార్టీలు జరిగాయని, వెయిటర్లు పురుగుల్ని చీపుళ్లతో ఊడ్చారని విచారిస్తే తెలిసింది. ఎవరికీ అది గడ్డి సంగతి అనిపించలేదు.

మూడోది తడి. ఆ ఏడాది మొదటి వాన తర్వాత రెండు వారాలు మొహం చాటేసింది. అడవిలో నేల గట్టిపడిపోయింది. చుట్టుపక్కల మెత్తగా, తడిగా, గుడ్డు ఎండిపోకుండా ఉండే చోటు ఏదంటే రోజూ స్ప్రింక్లర్ తిరిగే ఇసుక గ్రీన్. నేను పురుగునైతే నేనూ అక్కడే పెట్టేవాణ్ని.

గుడ్డు వారం పది రోజుల్లో పొదుగుతుంది. జూలైలో పురుగు బియ్యపు గింజంత, వేరు కొనలు గీకుతుంది, పైకి ఏమీ తెలియదు. ఆగస్టులో ఎదిగి వేరు కొరుకుతుంది. నేను నీడ కొలిచింది అప్పుడే. సెప్టెంబర్‌కి చిటికెన వేలంత లావై, పందికి విందు.

చేయకుండా ఆపినవి

కమిటీ మీటింగ్ ఆదివారమే పెట్టారు. మొదటి ప్రతిపాదన కరెంట్ తీగ. పక్క ఊళ్లో రైతులు పెట్టుకుంటారట, ఒక్క రాత్రిలో సమస్య తీరుతుందట. లైన్ నుంచి నేరుగా తీగ లాగడం నేరం. ఏటా పందుల కోసం పెట్టిన తీగలకి మనుషులు చనిపోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. పొద్దున అయిదింటికి చీకట్లో నడిచేది మన మాలీలే అని చెబితే గది కాస్త నిశ్శబ్దమైంది. రెండో ప్రతిపాదన తుపాకీ. 1972 వన్యప్రాణి చట్టం కింద అది మన చేతిలో ఉన్న విషయం కాదు, అటవీ శాఖది. ఒకాయన క్షవరం షాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లుదామన్నారు. నవ్వారు గానీ అది నిజంగా రైతులు చేసే పనే, వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి వెంట్రుక పోయి చిరాకు పడుతుంది. కంచె వెంట చల్లించాం కూడా. వాన పడితే మళ్లీ చల్లాలి. గ్రీన్ మీద చల్లితే మెషీన్ బ్లేడ్లకి చుట్టుకుంటుంది, అక్కడ వద్దన్నాను.

చివరికి సోలార్ కంచె పెట్టాం, క్షణకాలం షాక్ కొట్టి వదిలే రకం, అటవీ సిబ్బందికి చెప్పే పెట్టాం. అడవి వైపున్న మూడు హోల్స్‌కే, మోకాలి ఎత్తులోపు రెండు తీగలు, ఆగస్టు నుంచి నవంబర్ దాకా.

నేను గట్టిగా అడ్డుపడింది మందు విషయంలో. డీలర్ అప్పటికే ఇమిడాక్లోప్రిడ్ డబ్బాలు దింపి వెళ్లాడు, గ్రీన్ మొత్తం తడిపేయమన్నాడు. చిన్న పురుగు మీద అది పని చేస్తుంది. చిటికెన వేలంత అయ్యాక పెద్దగా పనిచేయదు. ఇంకో నెలలో అదే తిండి మానేసి లోతుకి దిగి కోశస్థ దశలోకి పోతుంది. పైగా అది నీళ్లలో కరిగి దిగిపోయే మందు, గ్రీన్ కింద ఉన్నది ఇసుక. దిగిన నీళ్లు చిల్లుల పైపుల్లోకి, పైపుల మూతి చెరువులోకి. తడిపితే చివరికి చెరువులో తేలేది. ఆ పైపు మూతి దగ్గరికి కమిటీ మెంబర్లిద్దర్ని తీసుకెళ్లి చూపించాను. గ్రీన్ కట్టిన పన్నెండేళ్లలో అది ఎక్కడుందో వాళ్లు చూసిందే లేదు.

అతుకు

తొందర గడ్డి వల్ల. ఇక్కడ డిసెంబర్‌లో రాత్రి చలి 12 డిగ్రీల దాకా దిగుతుంది. 15 కిందకి వస్తే గరిక పెరగడం దాదాపు ఆపేస్తుంది. అతుకు వేస్తే నవంబర్ సగంలోపు పట్టుకోవాలి.

పెళ్లల్ని రెండు రకాలుగా విడదీశాం. వేరున్నవి వెనక్కి పెట్టి, కాలితో అదిమి, సందుల్లో ఇసుక నింపాం. వేరు లేనివి పారేశాం; సూపరింటెండెంట్‌కి మనసొప్పలేదు, పైకి పచ్చగానే ఉన్నాయి కదా అన్నాడు. దెబ్బతిన్న తూర్పు అంచుని నాలుగు అంగుళాల లోతు తవ్వి, పురుగుల్ని చేత్తో ఏరించాం. అయిదుగురు మనుషులు, రెండు రోజులు. కోళ్ల డబ్బా పెద్దావిడే మేస్త్రీ. తర్వాత కొత్త ఇసుక, నర్సరీ గ్రీన్ (అతుకుల కోసం విడిగా పెంచే గడ్డి) నుంచి హోల్ కట్టర్‌తో తీసిన గుండ్రటి ప్లగ్గులు, ఒక్కోటి నాలుగంగుళాలు, జానెడు ఎడంగా. కోత ఎత్తు ఆ అంచున అయిదు మిల్లీమీటర్లకి పెంచాం. మెంబర్లు బంతి ఆగిపోతోందని సణిగారు, సణగనిచ్చాం.

మిగిలిన పురుగుల కోసం మెటారైజియం వేశాం, పురుగుకి రోగం తెప్పించే బూజు. వేసిన నాలుగో రోజున ఇంకో బ్యాచ్ వాళ్లు రొటీన్ ప్రకారం అదే గ్రీన్ మీద బూజు మందు కొట్టేశారు. మంచి బూజూ చెడ్డ బూజూ దానికేం తెలుసు. రెండు వేల రూపాయల పొడి నీళ్లపాలు. స్ప్రే షెడ్యూల్ గోడ మీద రాయడం ఆ రోజు నుంచే మొదలైంది. అది పనిచేసి ఉంటే ఎంత తగ్గేదో ఈ కేసు నుంచి నేను చెప్పలేను.

మృగశిర

అసలు పని తర్వాతి జూన్‌లో. మే 20 నుంచి షెల్టర్ లైట్లు బంద్, జూలై దాకా. దీనికి కమిటీలో పందుల కన్నా ఎక్కువ గొడవ జరిగింది; రెండు పెళ్లిరోజు పార్టీలు క్లబ్‌హౌస్‌కి మార్చాల్సి వచ్చింది. గ్రీన్‌కి దూరంగా, కంచె మూలన, ఒకే బల్బు కట్టి కింద కిరసనాయిల్ చుక్కలేసిన నీళ్ల తొట్టి పెట్టాం.

జూన్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం దంచి కొట్టింది. సాయంత్రం ఏడింటికి తెరిపిచ్చింది. తలకి లైట్లు కట్టుకుని పదిమందిమి వేపచెట్ల కింద నిలబడ్డాం, ఆర్పేసే ఉంచాం. ఏడూ ఇరవైకి ముందు శబ్దం వచ్చింది, దూరంగా మోటార్ తిరుగుతున్నట్టు. తర్వాత మొహానికి తగలడం మొదలైంది. గోధుమ రంగు, చింతపిక్కంత. అరగంటలో ఆకులు కొరుకుతున్న చప్పుడు వినపడేంతగా చెట్టు నిండింది. ఎనిమిదింటికి కింద పాత టార్పాలిన్లు పరిచి, వెదురు కొక్కేలతో కొమ్మలు కుదిపాం. వడగళ్లలా రాలాయి. ఊడ్చి బకెట్లలో పోయడం, మళ్లీ కుదపడం. పెద్దావిడ తలకి గుడ్డ చుట్టుకుని కింద టార్పాలిన్ దగ్గర కూర్చుంది. "గివి కోళ్లు తినయి సారూ, పెంకు గట్టిగుంటది" అంది.

వరసగా నాలుగు సాయంత్రాలు చేశాం. మొదటి రోజు రెండున్నర బకెట్లు, నాలుగో రోజుకి పావు బకెట్. దీపం తొట్టిలో పడినవి దీంట్లో పదో వంతు కూడా ఉండవు. మా దగ్గర ఉన్న రకానికి దీపం కన్నా ఆకే ముఖ్యమన్నమాట. లైట్ల మీద నేను పెట్టిన నేరంలో కొంత వెనక్కి తీసుకోవాలి. అయినా మళ్లీ వెలిగించమని మాత్రం చెప్పను.

జూలైలో, పురుగు బియ్యపు గింజంత ఉండగా, గ్రీన్ అంతా కాకుండా తూర్పు, దక్షిణ అంచుల్లో మాత్రం మెటారైజియం వేశాం. ఈసారి బూజు మందు ఆపాం. ఆగస్టులో చదరపు అడుగు కోతలు: 2, 1, 3, 0. వేపచెట్ల కొమ్మలు కూడా కొంత తేలిక చేశారు. నా పాత రిపోర్ట్ ప్రకారమే, డిసెంబర్ నీడ కోసం. అది ఇంకా అవసరమే.

గ్రీన్ దసరాకి మళ్లీ పూర్తి కోతకి వచ్చింది. అతికిన చోటు పొద్దున మంచులో చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది, రంగులో చిన్న తేడా.

అక్టోబర్‌లో ఒక తెల్లవారుజామున మళ్లీ ఫోన్. పద్నాలుగో ఫెయిర్‌వే పక్క రఫ్‌లో, అంటే పొడుగ్గా వదిలేసే గడ్డిలో, పందులు పడ్డాయట, కంచె లేని వైపు నుంచి వచ్చాయట. నేను అడగబోయేలోపే సూపరింటెండెంట్ అన్నాడు: "తిరగేసి చూశాను సార్. పెళ్లకి జానెడు వేరుంది. వానపాముల కోసం వచ్చినట్టున్నాయి. కాలితో అదిమేసి నీళ్లు పెట్టాం. మీరు రానక్కర్లేదు."